ట్రక్కు డ్రైవరు బత్తా: చేతికొచ్చేదెంత, చేజారేదెంత

అమెరికాలో దూరప్రయాణాల ట్రక్కు డ్రైవర్లలో ఎక్కువమందికి జీతం మైళ్ల లెక్కన వస్తుంది. మైలుకి ఇన్ని సెంట్లని కంపెనీ ఒప్పుకుంటుంది. వారంలో ఎన్ని మైళ్లు నడిపితే అంత చెక్కు. ఆ సెంట్లలో కొన్నిటిని జీతం కింద కాకుండా రోజువారీ తిండి ఖర్చు కింద రాసి ఇవ్వడాన్ని ‘పర్ డియమ్’ అంటారు. లాటిన్‌లో రోజుకి అని అర్థం. తెలుగునాట లారీ ఆఫీసుల్లోనూ ఆర్టీసీ డిపోల్లోనూ బత్తా అనే మాటకు దగ్గరగా ఉండేదే ఇది. కాకపోతే బత్తా అంటే జీతం మీద అదనంగా వచ్చేదని మన లెక్క. అక్కడి కంపెనీలు చాలావరకు జీతంలోంచే కొంత కోసి, దానికి బత్తా అని పేరు పెట్టి ఇస్తాయి. ఉద్యోగంలో చేరే రోజున ‘పర్ డియమ్ కావాలా, వద్దా’ అని అడిగే కాగితం డ్రైవర్లను తికమక పెట్టేది అందుకే.

పని మీద ఇంటికి దూరంగా వెళ్లి రాత్రి అక్కడే పడుకోవాల్సి వచ్చినవాడి భోజనం, పని ఖర్చు కిందికే వస్తుందని అమెరికా పన్ను చట్టం చెబుతుంది. కాబట్టి యజమాని అందుకని ఇచ్చే డబ్బు మీద ఆదాయపు పన్ను ఉండదు. పెన్షన్ కోసం పట్టే సోషల్ సెక్యూరిటీ, ముసలితనంలో వైద్యం కోసం పట్టే మెడికేర్ కోతలూ ఉండవు. ప్రతి హోటల్లోనూ బిల్లు అడిగి దాచుకునే బాధ లేకుండా అక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్ రవాణా రంగానికి ప్రత్యేకంగా రోజు రేటు ఒకటి పెట్టింది. 2021 అక్టోబరు నుంచి అది 69 డాలర్లు, 2024 అక్టోబరు 1 నుంచి 80. అలాస్కా, హవాయి, కెనడా వంటి చోట్లకు వెళితే 86. బయల్దేరిన రోజుకీ ఇల్లు చేరిన రోజుకీ ముప్పాతిక వంతు లెక్కగడతారు. డ్రైవరు పడక క్యాబిన్‌లోనే ఉంటుంది కాబట్టి ఇందులో గది అద్దె కలవదు. తిండి, చిల్లర ఖర్చులు మాత్రమే. ఎన్ని రాత్రులు బయట గడిపాడో ట్రక్కులోని ఎలక్ట్రానిక్ లాగ్ పుస్తకమే సాక్ష్యం చెబుతుంది.

తిండి ఖర్చును మైళ్లతో కొలవడమేమిటని ఎవరికైనా అనుమానం రావాలి. రెండువేల మైళ్లు నడిపినవాడు వెయ్యి మైళ్లు నడిపినవాడికి రెట్టింపు తినడు కదా! అయినా ఈ పద్ధతి చెల్లుతోంది. 1989 డిసెంబరు 12 నాటికే ఒక రంగంలో వాడుకలో ఉన్న ఇలాంటి లెక్కలను ఐఆర్ఎస్ నిబంధనలు మన్నించాయి. ట్రక్కుల రంగం ఆ గొడుగు కిందికి వచ్చింది. ఇచ్చిన బత్తా రోజు రేటును దాటితే మాత్రం, దాటినంత మేరా జీతమే, పన్ను కట్టాల్సిందే.

అందరు డ్రైవర్లకూ ఇది వర్తించదు. పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి వచ్చేసే లోకల్ డ్రైవరుకు లేదు. ఇల్లూ వాకిలీ వదిలేసి ఏడాదంతా ట్రక్కులోనే కాపురం ఉండేవాడికీ లేదు. ‘ఇంటికి దూరంగా’ ఉండాలంటే ముందు ఇల్లంటూ ఒకటి ఉండాలన్నది చట్టం వాదన. అద్దె దండగని గది ఖాళీ చేసి, చిరునామాకు తమ్ముడి ఇల్లు రాయించిన డ్రైవరు ఈ మెలిక దగ్గరే దొరికిపోతాడు.

2017 దాకా జీతగాడైన డ్రైవరుకు మరో దారి ఉండేది. కంపెనీ బత్తా వద్దనుకుంటే, ఏడాది చివర రిటర్నులో తన భోజనం ఖర్చును తానే, కొన్ని పరిమితులకు లోబడి, మినహాయించుకునేవాడు. 2017 చివర్లో వచ్చిన పన్ను చట్టం 2018 నుంచి ఆ దారిని మూసింది. 2025 జులైలో వచ్చిన చట్టం దాన్ని శాశ్వతంగా మూసేసింది. సొంత ట్రక్కు నడుపుకునేవాడికి ఆ చిక్కు లేదు. రోజుకి 80 డాలర్లలో 80 శాతం, అంటే 64 డాలర్లు, తన వ్యాపారం ఖర్చుగా తానే రాసుకుంటాడు. కాబట్టి తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న కంపెనీ జీతం మీద బతికే డ్రైవరుదే.

లెక్క చూస్తేగాని విషయం తేలదు. ఆదాయపు పన్ను వేయని టెక్సస్ రాష్ట్రంలో ఒక పెళ్లికాని డ్రైవరు ఉన్నాడనుకుందాం. వారానికి 2,500 మైళ్లు, ఏడాదికి 50 వారాలు. బత్తా వద్దంటే మైలుకి 60 సెంట్లు, మొత్తం 75,000 డాలర్లు. కావాలంటే 45 సెంట్లు జీతం, 14 సెంట్లు బత్తా. ఒక సెంటు మాయమైంది. దాన్ని నిర్వహణ ఖర్చు అంటారు. బత్తా తీసుకున్నవారికి మైలుకి సెంటో రెండు సెంట్లో తగ్గించడం ఆ రంగంలో మామూలే. అలా అతని జీతం 56,250, బత్తా 17,500, మొత్తం 73,750.

2025 పన్ను రేట్ల ప్రకారం మొదటి పద్ధతిలో ఆదాయపు పన్ను దాదాపు 7,950 డాలర్లు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 5,740 పోగా చేతికి సుమారు 61,310 మిగులుతుంది. రెండో పద్ధతిలో అతను 22 శాతం శ్లాబులో అడుగు పెట్టకుండా 12 శాతంలోనే ఆగిపోతాడు. పన్ను 4,620, మిగతా కోతలు 4,300 పోగా సుమారు 64,830. సెంటు పోయినా ఏడాదికి 3,500 పైన లాభం, వారానికి 70 డాలర్లు. పెళ్లయి పిల్లలున్నవారికి శ్లాబులు, రాయితీలు వేరు కనుక లెక్కా వేరుగా ఉంటుంది.

కంపెనీ ఇదంతా ధర్మానికి చేయదు. తగ్గిన 18,750 డాలర్ల జీతం మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లకు తన వాటాగా కట్టాల్సిన 7.65 శాతం, సుమారు 1,430 డాలర్లు, దానికి మిగులుతుంది. కోసుకున్న సెంటు ఇంకో 1,250. బత్తాలో 80 శాతమే ఖర్చుగా చూపించుకోవాలన్న నిబంధన వల్ల కంపెనీకి కొంత పన్ను భారం పడే మాట నిజమే. ఆ నష్టం పూడ్చుకోవడానికే సెంటు కోస్తున్నామని కంపెనీలు అంటాయి. ఈ ఉదాహరణలో ఆ భారం 735 డాలర్లు. అది తీసేసినా మిగులు కంపెనీ వైపే ఉంటుంది.

చేజారేది వెంటనే కనబడదు. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచితే పీఎఫ్ చిక్కిపోతుందని మన ఉద్యోగులకు తెలిసిందే. అక్కడా అంతే. సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌ను అత్యధికంగా సంపాదించిన 35 ఏళ్ల జీతాల సగటు మీద కడతారు. బత్తా అందులోకి రాదు. మన డ్రైవరు స్థాయి ఆదాయంలో సగటు డాలరు తగ్గితే పెన్షన్ 32 సెంట్లు తగ్గుతుంది. ఒక్క ఏడాది బత్తా తీసుకుంటే, పూర్తి పెన్షన్ వయసు నుంచి నెలకు దాదాపు 14 డాలర్ల కోత. రిటైరయ్యాక 20 ఏళ్లు బతికితే ఆ కోత 3,400 దాటుతుంది. ఆ ఏడాది మిగిలిందీ ఇంచుమించు అంతే! ప్రభుత్వం ఇచ్చిన రాయితీలా కనబడే డబ్బులో చాలా భాగం డ్రైవరు తన ముసలితనం దగ్గర చేసిన అప్పు. ఇరవై ఏళ్లు ఇలాగే సాగితే పెన్షన్‌లో నెలకు 285 డాలర్ల దాకా గండి పడుతుంది.

పెన్షన్ దాకా ఆగకుండానే దెబ్బ తగిలే చోట్లూ ఉన్నాయి. ఇంటి అప్పు ఇచ్చే బ్యాంకు డ్రైవరు మాట వినదు, ఏడాది చివర కంపెనీ ఇచ్చే డబ్ల్యూ-2 పత్రం చూస్తుంది. మొదటి గడిలో 75,000 ఉండాల్సిన చోట 56,250 కనబడుతుంది. నెల ఆదాయంలో 36 శాతం వాయిదాకు ఒప్పుకునే బ్యాంకైతే, వాయిదా కట్టగల స్తోమత నెలకు 560 డాలర్లు తగ్గినట్టే. చాలాచోట్ల 401(కె) అనే రిటైర్మెంటు పొదుపులో కంపెనీ కలిపే వాటా కూడా జీతాన్ని బట్టే ఉంటుంది. లోడు కడుతూ జారిపడి నడుం విరిగితే వచ్చే పరిహారం వారపు సగటు జీతం మీద లెక్క. బత్తాను అందులో కలపాలా వద్దా అన్నది రాష్ట్రానికో రకం. ఉద్యోగం పోతే వచ్చే నిరుద్యోగ భృతికీ ఇదే చిక్కు.

ఒకటి రెండేళ్లలో ఇల్లు కొనాలనుకునే డ్రైవరు బత్తాకు దూరంగా ఉండటమే మేలు. ఇప్పటికే 35 ఏళ్లు మంచి జీతం మీద పనిచేసి రిటైర్మెంటు దగ్గరపడినవాడు నిక్షేపంగా తీసుకోవచ్చు. అతని పెన్షన్‌కు తగిలే దెబ్బ స్వల్పం. మధ్యవయసువాడికి మాత్రం లాభనష్టాలు ఆ 70 డాలర్లు ఎటు పోతాయన్నదాని మీదే ఉంటాయి. వారం వారం ఐఆర్ఏ పొదుపు ఖాతాలో పడితే పెన్షన్‌లో పడిన గండి పూడి, కాస్త మిగలొచ్చు కూడా. ట్రక్ స్టాపుల్లో కరిగిపోతే అది ఉత్త నష్టం. కోత మైలుకి రెండు సెంట్లు దాటితే ఎవరైనా ఒకటికి రెండుసార్లు లెక్క వేసుకోవాలి. కొన్ని కంపెనీల్లో అసలు అడగడమే ఉండదు, బత్తా అందరికీ తప్పనిసరి. అలాంటి చోట చేరేముందు, ప్రకటనలో గొప్పగా వేసిన సెంట్లలో జీతమెంతో బత్తా ఎంతో విడివిడిగా కాగితం మీద రాయించుకోవాలి.