గోడలు లేని ఇంట్లో చరిత్ర పాఠం

పిల్లలూ! చరిత్ర అనగానే మీకు పుస్తకం గుర్తొస్తుంది కదా? పుస్తకాల్లో రాసుకోకుండా, తరతరాలుగా పెద్దల నోటి ద్వారానే తమ చరిత్రను కాపాడుకున్న వాళ్ళు ఫ్లోరిడాలో ఉన్నారు. వాళ్ళే సెమినోల్ ప్రజలు.

1817 నుంచి 1858 లోపు అమెరికా సైన్యంతో వాళ్ళకు మూడు యుద్ధాలు జరిగాయి. చాలామందిని ఇప్పటి ఓక్లహోమా ప్రాంతానికి తరలించారు. లొంగని కొన్ని వందలమంది ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లోనే ఉండిపోయారు. అక్కడ వాళ్ళు కట్టుకున్న ఇల్లే "చికీ". సైప్రస్ దుంగల స్తంభాలు, పామెటో ఆకుల కప్పు, తడి తగలకుండా ఎత్తుగా అరుగు. గోడలుండవు. త్వరగా కట్టుకోవచ్చు, సైన్యం వస్తే వదిలేసి పోవచ్చు. అంటే ఆ ఇంటి ఆకారమే ఒక యుద్ధకథ!

వంట చికీలో దుంగలను బండిచక్రం ఆకుల్లా పేర్చి మధ్యలో నిప్పు పెడతారు. కాలినకొద్దీ లోపలికి జరుపుతారు. అలాంటి నిప్పు చుట్టూ కూర్చునే పిల్లలు పెద్దల కథలు వినేవారు.

మరి ఆ కథలను ఒక భవనం ఎలా చెప్పగలదు? అద్దాల పెట్టెలో వస్తువు పెట్టి, పక్కన నాలుగు లైన్లు రాస్తే చాలదు. చెప్పేవారి గొంతు మైకు లేకుండా వినిపించేంత చిన్న చోటు కావాలి. ముఖం మాత్రం కనిపించే మసక వెలుతురు, ఆకుల కప్పు మీద వాన చప్పుడు, కట్టెల పొగ వాసన కావాలి. అప్పుడు కథ చెవికే కాదు, ఒంటికీ గుర్తుంటుంది.

బిగ్ సైప్రస్‌లో 1997లో సెమినోల్ తెగవారే తెరిచిన ఆ-తా-తి-కీ మ్యూజియంలో ఇది కొంత అనుభవమవుతుంది. ఆ పేరుకు "నేర్చుకునే చోటు, గుర్తుంచుకునే చోటు" అని అర్థం. భవనం వెనక సైప్రస్ అడవిలో మైలుకు పైగా చెక్కబాట ఉంది. కాలి కింద చెక్కల చప్పుడు, చెట్ల నీడ, బురద వాసన... వాళ్ళ పూర్వీకులు ఎలాంటి నేలను నమ్ముకుని బతికారో నడిచేవారికి తెలుస్తుంది.

అయితే అన్నీ చూపించకూడదు కూడా. గ్రీన్ కార్న్ పండుగలాంటివి వాళ్ళు బయటివారికి తెరవరు. ఏది చూపాలో, ఏది దాచుకోవాలో తేల్చవలసింది ఆ కథల సొంతదారులే.

నేను కట్టడాల ఇంజనీరును కాను, సాఫ్ట్‌వేర్ వాడిని. కానీ నాకొకటి అర్థమైంది. మా అమ్మమ్మ కథలు నాకు ఈనాటికీ గుర్తున్నాయంటే ఆరుబయట నులకమంచం, చీకటి, నేను కొట్టిన "ఊ" కూడా కారణమే. ఊ కొట్టేవారు లేకపోతే ఏ కథైనా ఆగిపోతుంది. ఈ ఆదివారం టీవీ కట్టేసి, లైట్లు తగ్గించి, ఇంట్లో పెద్దవాళ్ళను ఒక కథ అడగండి. మధ్యమధ్యలో ఊ కొట్టడం మరిచిపోకండి!