చలి ముదరక ముందు

కార్తికము వెళ్ళి మార్గశిరము ప్రవేశించినది. కోహీరులో ప్రొద్దు వాలగానే గాలి తీరు మారుచున్నది. మంచు కురియు శీతల దేశములలో మోటారు సైకిలు ప్రియులు ఈపాటికే బండ్లను మూలకు చేర్చుదురు. అచ్చట మంచు కరగుటకై బాటలపై చల్లు ఉప్పు, ఇనుమును తినివేయును. మనకా బెడద లేదు. అయినను కోహీరు చలిని తక్కువగా ఎంచరాదు. శీతకాలమున తెలంగాణమునందలి కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టికలో ఈ ఊరి పేరు తరచుగా ముందు వరుసలో నుండును.

కారణము సుగమము. ఇది సముద్రమట్టమునకు 600 మీటర్లకు మించిన ఎఱ్ఱనేలల పీఠభూమి. పగలు నేల గ్రహించిన వేడిమిని రాత్రి ఆకాశమునకు వదలును. మబ్బును, గాలిలో తేమయు నున్నచో ఆ వేడిమిలో కొంత తిరిగి నేలను చేరును. పొడిగాలి, నిర్మలాకాశము గల రాత్రులలో ఆ కప్పు లేదు. తెల్లవారుసరికి నేల చల్లబడిపోవును.

రెండేండ్ల క్రిందట నాకు ఉబ్బసము పట్టినది. చలి ముదిరిన పిదప బండి యెక్కరాదని వైద్యుని ఆజ్ఞ. కావున గత ఆదివారము మధ్యాహ్నము, ఈ యేటికి కడసారిగా, బండిని బయటికి తీసితిని. వెనుక కూర్చున్నవారు చిన్ననాడు నాకు అక్షరములు దిద్దించిన సారు. ఎనుబదియేండ్లు దాటినవి. పడుచుతనమున ఉద్యోగమునకై వచ్చి తాము రైలు దిగిన కోహీరు దక్కన్ స్టేషనును మరొకసారి చూడవలెనని వారి కోరిక.

"మెల్లగ పోనియ్యి బిడ్డా, నాకేం తొందర లేదు" అన్నారు.

మెల్లగా పోవుటయే మేలు. నిలుచున్నప్పుడు మన చర్మము నంటి వెచ్చని గాలిపొర యొకటి యుండును. బండి వేగము ఆ పొరను తుడిచివేయును. ఉష్ణమాపకములో అంకె మారకున్నను ఒడలికి చలి హెచ్చును. బడిపిల్లలకు ఈ పాఠము సైకిలు మీదనే చెప్పవచ్చును.

స్టేషనులో సారు చాలసేపు పట్టాల వంక చూచినారు. "ఆ దినము నన్ను తోలుకపోవుటకు ఎవరును రాలేదు. రేకుపెట్టె నెత్తిన పెట్టుకొని నడిచితిని" అన్నారు. అంతకు మించి ఏమియు చెప్పలేదు, నేను అడుగలేదు. నీడలు సాగుచుండగా నా మఫ్లరు వారి మెడకు చుట్టి బండి త్రిప్పితిని.

శివరాత్రికి చలి 'శివశివా' యనుచు పోవునని లోకోక్తి. ఇంటి ముందర దిగుచు సారు అడిగినారు: "పండుగ పోయినంక ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని దర్శనమునకు పోదామా?"

"పోదాము సారూ" అంటిని. అప్పటికి ఇద్దరిలో ఎవరి ఊపిరి ఎట్లుండునో ఇద్దరమును ఎరుగము.

టాంకీ నిండ పెట్రోలు పోయించి, బండిపై గోనెపట్టా కప్పితిని. తాళపుచెవిని మాత్రము దాచలేదు. కంటికి కనబడు మేకునకే తగిలించితిని.