నేషనల్ పార్క్‌లో స్పీడింగ్ టికెట్ పడిందా? అమెరికాలో అది కౌంటీ కోర్టుకు వెళ్లదు

వేసవి వచ్చిందంటే అమెరికాలోని మన విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు కారు అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్‌కో, బ్లూ రిడ్జ్ పార్క్‌వేకో బయల్దేరతారు. ఇండియా నుంచి వెళ్లిన అమ్మానాన్నలు వెనక సీట్లో ఉంటారు. రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది. కానీ ఈ రెండు చోట్లా గరిష్ఠ వేగం సాధారణంగా గంటకు 45 మైళ్లు, అంటే సుమారు 72 కిలోమీటర్లే. అంతకు మించి వెళ్తే పార్క్ రేంజర్ ఆపి టికెట్ ఇస్తారు. ఆ టికెట్ ఊళ్లో పోలీసులు రాసే టికెట్ లాంటిది కాదు.

నేషనల్ పార్కులు, సైనిక స్థావరాలు ఫెడరల్ ప్రభుత్వ ఆధీనంలోని భూములు. అక్కడ ఫెడరల్ అధికారి రాసిన టికెట్ యూఎస్ డిస్ట్రిక్ట్ కోర్టుకు వెళ్తుంది. విచారణ జరిపేది మేజిస్ట్రేట్ జడ్జి. విహారయాత్రల్లోనే ఇలా జరుగుతుందనుకోవద్దు. వాషింగ్టన్ పరిసరాల్లో రోజూ ఆఫీసుకు వెళ్లే జార్జ్ వాషింగ్టన్ మెమోరియల్ పార్క్‌వే కూడా నేషనల్ పార్క్ సర్వీస్‌దే. అక్కడ ఆపేది యూఎస్ పార్క్ పోలీసులు.

టికెట్ పైభాగం చూస్తే విషయం తేలిపోతుంది. ‘యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్ వయొలేషన్ నోటీస్’ అని ఉంటే అది ఫెడరల్ కేసు. అడవి మధ్యలో ఆపినా, ఆపింది రాష్ట్ర పోలీసులై, వాళ్ల టికెట్ ఇస్తే మాత్రం అది మామూలుగా రాష్ట్ర కోర్టుకే వెళ్తుంది.

ఆన్‌లైన్‌లో కనిపించకపోతే?

చాలామంది పొరబడేది ఇక్కడే. కౌంటీ కోర్టు వెబ్‌సైట్‌లో వెతుకుతారు, కనిపించదు. రద్దయిందేమోలే అని వదిలేస్తారు. ఈ టికెట్లన్నీ టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉన్న సెంట్రల్ వయొలేషన్స్ బ్యూరో (సీవీబీ) అనే కార్యాలయానికి చేరతాయి. సీవీబీ డాట్ యూఎస్‌కోర్ట్స్ డాట్ గవ్ సైట్‌లో లొకేషన్ కోడ్, వయొలేషన్ నంబరుతో వెతకాలి. రెండూ టికెట్‌పైనే ఉంటాయి. రేంజర్ పంపిన కాగితం రికార్డుల్లోకి ఎక్కడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా కనిపించకపోయినా కేసు ఉన్నట్టే.

కోర్టు తేదీ కూడా చాలాసార్లు టికెట్‌పై ఉండదు, తర్వాత పోస్టులో వస్తుంది. డ్రైవింగ్ లైసెన్సుపై పాత అపార్ట్‌మెంట్ చిరునామా ఉంటే నోటీసు అక్కడికే పోతుంది. సెమిస్టర్‌కో ఇల్లు మారే విద్యార్థులకు ఇది పెద్ద చిక్కు. చిరునామా మారితే సీవీబీకి తెలియజేయండి.

కట్టాలా, కోర్టుకెళ్లాలా?

టికెట్‌పై ఏ, బి అని రెండు గడులు ఉంటాయి. ‘ఏ’లో టిక్ ఉంటే కోర్టుకు తప్పనిసరిగా వెళ్లాలి, డబ్బు కట్టి బయటపడే వీలు లేదు. ‘బి’లో ఉంటే డబ్బు కట్టొచ్చు, లేదా కోర్టులో వాదించుకోవచ్చు. జరిమానాకు అదనంగా 30 డాలర్ల ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది.

టికెట్‌పై సంతకం చేస్తే నోటీసు అందిందని అర్థం, అంతే. తప్పు ఒప్పుకున్నట్టు కాదు. డబ్బు కట్టడం వేరు. దాన్ని నేరాన్ని అంగీకరించినట్టు పరిగణించవచ్చని, అది రికార్డులో కనిపించవచ్చని టికెట్‌పైనే హెచ్చరిక ఉంటుంది. నేషనల్ పార్క్ నిబంధనల ఉల్లంఘన చట్టరీత్యా క్లాస్ బి మిస్‌డిమీనర్. గరిష్ఠ శిక్ష 6 నెలల జైలు, 5,000 డాలర్ల జరిమానా. మామూలు స్పీడింగ్ కేసులు జరిమానాతోనే ముగుస్తుంటాయి కాబట్టి కంగారు అక్కర్లేదు. అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు.

జరిమానా తగ్గించమని సీవీబీని అడిగి లాభం లేదు. అది డబ్బు, కాగితాలు చూసే కార్యాలయం మాత్రమే. వాదించుకోవాలంటే డబ్బు కట్టకుండా విచారణ కోరాలి. ఇలాంటి చిన్న కేసుల్లో జ్యూరీ ఉండదు, నిర్ణయం మేజిస్ట్రేట్ జడ్జిదే. తీర్పు నచ్చకపోతే 14 రోజుల్లో డిస్ట్రిక్ట్ జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు. అసలు ఇబ్బంది దూరమే. యెల్లోస్టోన్ కేసులు పార్కులోని మ్యామత్ హాట్ స్ప్రింగ్స్‌లో విచారిస్తారు. డాలస్‌లో ఉండేవాళ్లకు విమాన టికెట్ ఖర్చే జరిమానాను దాటొచ్చు. వీడియోలో హాజరయ్యే వీలుందా అని ముందే ఆ కోర్టును అడగడం మంచిది.

కట్టకుండా, కోర్టుకూ వెళ్లకుండా ఊరుకుంటే జడ్జి అరెస్టు వారెంట్ ఇవ్వొచ్చు. డ్రైవింగ్ లైసెన్సుకూ ఇబ్బంది రావొచ్చు.

వీసాపై ప్రభావం ఉంటుందా?

ఒక్క స్పీడింగ్ టికెట్‌తో గ్రీన్‌కార్డు ఆగిపోతుందన్న భయం అనవసరం. కానీ దాచకూడదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485లో, పౌరసత్వ దరఖాస్తు ఎన్-400లో అరెస్టుల గురించే కాదు, ‘సైటేషన్’ల గురించీ అడుగుతారు. టికెట్ కూడా సైటేషనే. మద్యం, మత్తుమందుల ప్రమేయం లేకుండా, అరెస్టు కాకుండా, 500 డాలర్లలోపు జరిమానాతో ముగిసిన కేసులకు సాధారణంగా పత్రాలు జతచేయనక్కర్లేదు. ప్రశ్నకు మాత్రం నిజమే చెప్పాలి.

విద్యార్థులు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. 2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను అమెరికా రద్దు చేసింది. వారిలో ట్రాఫిక్ ఉల్లంఘనలు తప్ప మరేమీ లేనివారూ ఉన్నారు. కోర్టుల్లో కేసులు పడ్డాక ఆ నెలాఖరుకు రికార్డుల పునరుద్ధరణ మొదలైంది. అందుకే చెల్లింపు రసీదు, కోర్టు ఇచ్చే కాగితం ఏళ్ల తరబడి దాచుకోవాలి. ‘ఏ’ గడిలో టిక్ ఉన్నా, మద్యం ప్రస్తావన ఉన్నా డబ్బు సంగతి తర్వాత, ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి.

టూరిస్టు వీసాపై వెళ్లి, ఇండియా లైసెన్సుతో నడుపుతూ దొరికిన తల్లిదండ్రులైతే అమెరికాలో పోస్టు అందే చిరునామా, అంటే పిల్లల ఇంటి చిరునామా రేంజర్‌కు ఇవ్వాలి. తిరుగు విమానం ఎక్కేలోపే సీవీబీ సైట్‌లో టికెట్ స్థితి ఒకసారి చూసుకోవాలి.