చిన్న వ్యాపారమున కంప్యూటరు లెక్కలు

వ్యాపారమునకు మూలధన మెంత యవసరమో లెక్కయు నంత యవసరము. పూర్వము మన యంగళ్లలో చిట్టా, ఆవర్జాలను గుమాస్తా వ్రాయుచుండెను. నేడు చాలచోట్ల ఆ పని కంప్యూటరు చేయుచున్నది. మన దేశమున విరివిగా వాడబడు టాలీ యను లెక్కల సాఫ్టువేరు, 1986లో శ్యామ్ సుందర్ గోయెంకాయు, వారి కుమారుడు భరత్ గోయెంకాయు బెంగుళూరునందు స్థాపించిన సంస్థ వలన వచ్చినది. ఇట్టి సాధనము నెట్లు వాడినచో చిన్న వర్తకునకు మేలు కలుగునో యిచ్చట వివరింప దలంచితిమి.

మొదట దాని శక్తిని, దాని హద్దును ఎఱుగవలెను. వెనిస్ వర్తకులు వాడుచుండిన జంటపద్దు విధానమును లూకా పచోలీ యను క్రైస్తవ సన్న్యాసి 1494లో అచ్చయిన తన గణితగ్రంథమున వివరించెను. నేటి సాఫ్టువేరునకును అదియే పునాది. ప్రతి వ్యవహారమును రెండు ఖాతాలను తాకును. ఇరువైపుల మొత్తములు సమానము కావలెను. కంప్యూటరు ఆ సమానత్వమును కాపాడును, కూడికలో తప్పు రానీయదు. అయితే పద్దు సత్యమా యని యడుగదు. ఒక వర్తకుడు బ్యాంకునుండి 50,000 రూపాయలు అప్పు తెచ్చి, ఆ సొమ్మును అమ్మకముల ఖాతాలో వ్రాసెననుకొనుడు. ఇరువైపులు సరిపోవును, కాని లేని లాభము 50,000 రూపాయలు కనబడును. సరిపోయిన లెక్కయెల్ల సరియైన లెక్క కాదు.

కావున వర్తకుడు కొన్ని నియమములు పాటింపవలెను. ఇంటి బియ్యమునకో, పిల్లల చదువునకో గల్లాపెట్టెనుండి తీసిన సొమ్మును అంగడి ఖర్చుగా వ్రాయక, సొంతవాడుక యని వేఱుగా వ్రాయవలెను. లేనిచో అంగడి యింటిని పోషించుచున్నదో, యిల్లు అంగడిని తినివేయుచున్నదో తెలియదు.

ఏనాటి పద్దు ఆనాడే వ్రాయవలెను. రాత్రి అంగడి మూయుటకు ముందు పెట్టెలోని నగదును లెక్కించి కంప్యూటరు చూపు నిల్వతో పోల్చవలెను. 2016లో యూపీఐ వచ్చిన పిమ్మట చాల సొమ్ము నేరుగా బ్యాంకునకే పోవుచున్నది గనుక, బ్యాంకు లెక్కతోను సరిచూచుకొనుట తప్పదు.

లాభమును చూచి మోసపోరాదు. ఒకడు నెల గడువుమీద 1,00,000 రూపాయల సరకు తెచ్చి 1,20,000కు అమ్మెననుకొందము. అందులో నగదు 50,000, అరువు 70,000. ఇతర ఖర్చులు విడిచినచో కంప్యూటరు 20,000 లాభము చూపును. గడువు వచ్చిన దినమున షావుకారునకు లక్ష యీయవలెను, చేతనున్నది సగమే. లాభములోనుండియే అంగడి మూతపడుట యిట్లు సంభవించును. ఎవరి బాకీ యెన్ని దినములనుండి నిలిచియున్నదో చూపు పట్టికను సాఫ్టువేరు క్షణములో నిచ్చును. దానిని వారమున కొకసారి చూచి బాకీలు వసూలు చేసికొనువాడే యీ సాధనమును నిజముగా వాడుకొనినవాడు.

సరకు నిల్వయు నట్టిదే. పగిలినది, ఎలుకలు కొట్టినది, మాయమైనది కంప్యూటరునకు తెలియదు. నెలకొకసారి చేతితో ఎంచి చూడవలెను.

2017 జూలై 1వ తేదీనుండి జీఎస్టీ అమలులోనికి వచ్చినది. అందు నమోదైన సాధారణ వర్తకుడు కొనుగోలుపై చెల్లించిన పన్నును తగ్గించుకొనవలెనన్న, అమ్మినవాడు ఆ బిల్లును దాఖలు చేసియుండవలెను. కావున నెలనెలా జీఎస్టీఆర్-2బీ యను పట్టికతో తన కొనుగోళ్లను పోల్చి, కనబడని బిల్లునుగూర్చి అమ్మినవానిని వెంటనే అడుగవలెను.

కడపట, కంప్యూటరు చెడిపోవచ్చును. లెక్కల ప్రతి నొకదానిని ఎప్పటికప్పుడు తీసి వేఱొకచోట భద్రపఱచవలెను. పని చేయు ప్రతివానికిని వేఱువేఱు సంకేతపదము లుండిన, ఏ పద్దు ఎవరు వ్రాసిరో తెలియును. నిర్దోషిపై నింద పడదు.

విద్యార్థులారా, ఈ యంత్రమును నడుపుట కొలది దినములలో నేర్వవచ్చును. ఉన్నది ఉన్నట్లు, ఆనాటిది ఆనాడే వ్రాయు అలవాటునకు మాత్రము కాలము పట్టును. దానిని ఇప్పటినుండియే, మీ చేతిఖర్చు లెక్కతోనే యారంభింపుడు.