తల్లి దగ్గర్లోనే ఉంది

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం, భోజనాలై నడుం వాల్చబోతుంటే వీధి తలుపు దబదబ బాదిన చప్పుడు. తీసి చూస్తే ఎదురింటివాళ్ళ మూడో తరగతి పిల్ల. గౌను అంచు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడింది. "మామ్మగారూ, దీనికి పాలు పట్టండి, చచ్చిపోతుంది" అంది ఏడుపు గొంతుతో. గౌనులో బొటనవేలంత ఉడుత పిల్ల. ఒంటిమీద సరిగ్గా వెంట్రుకలైనా లేవు, కళ్ళు విప్పలేదు. వీపు మీద చారలు మాత్రం పెన్సిలుతో గీసినట్టు అప్పుడే కనిపిస్తున్నాయి. వాళ్ళ పెరట్లో వేపచెట్టు కొమ్మలు కొట్టిస్తుంటే గూడు కింద పడిందట.

పాలు పట్టనన్నాను. ఆ పిల్ల నా వంక చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. మా బరంపురంలో ఏ తెలుగింటి మామ్మా గడప తొక్కిన పసిదానికి పాలు లేవనదు. కాని అలా అనడానికి నాకొక పాత కారణముంది.

నాకు పదేళ్ళప్పుడు తాతగారింట్లో వంటింటి తాటాకు కప్పు మారుస్తుంటే రెండు ఉడుత పిల్లలు కింద పడ్డాయి. "మనిషి చెయ్యి తగిలింది, ఇహ తల్లి ముట్టుకోదు" అని మా నాయనమ్మ తేల్చేసింది. పెంపకం నా మీద పడింది. ఇంకు ఫిల్లరు కడిగి, ఆవుపాలలో చక్కెర కలిపి, పసిపాపకు ఉగ్గు పెట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టి చుక్క చుక్కా నోట్లో వేశాను. మొదటిది ఆ రాత్రే ముక్కులోంచి పాలు కక్కుకుని పోయింది. రెండోది మూడు రోజులు విరేచనాలై పోయింది. ఆ మూడు రోజులూ పెరటి గోడ మీద ఒక ఉడుత తోక ఎగరేస్తూ కిచకిచమని ఒకటే అరుపు. అదెందుకు అరుస్తోందో మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

నాయనమ్మ మాట తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.  మనం ముట్టుకున్నామని గూటిలోని పిల్లను పిట్టలు తరిమెయ్యవు. ఉడుత తల్లి కూడా పిల్ల వెచ్చగా, ప్రాణంతో ఉంటే నోట కరుచుకుని పోతుంది. దానికి ఒక గూడే ఉండదు, దగ్గర్లో మరో గూడు కట్టుకునే ఉంటుంది. ఇక ఆవుపాల సంగతి. మన పిల్లలకు అమృతమే కాని, ఉడుత పిల్ల కడుపు ఆ పాలలోని చక్కెరను అరిగించుకోలేదు. పైగా వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు పొట్టలోకి కాక ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. నేను ప్రేమతో చేసిందదే.

ముందు వెచ్చదనం, తర్వాతే తిండి

ఇది నేను నేర్చుకున్నది ఫైలిన్ తుఫాను నాడు. 2013 అక్టోబరు 12 రాత్రి అది గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే మా వీధిలో నిలబడ్డ చెట్టు ఒకటీ అరా. రోజుల తరబడి కరెంటు లేదు. కూలిన మామిడి కొమ్మల మధ్య, తడిసి ముద్దయిన గూట్లో రెండు ఉడుత పిల్లలు మంచు ముక్కల్లా ఉన్నాయి. మా వీధి చివర పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరుండేవారు. పరుగెత్తుకెళితే ఆయన చెప్పింది ఒకటే మాట: "అమ్మా, చల్లబడ్డ పిల్లకు తిండి పెడితే అరగదు. ముందు వెచ్చబెట్టు."

సీసాలో వేణ్ణీళ్ళు పోసి, పాత పంచెగుడ్డ చుట్టి, చెప్పుల అట్టపెట్టెలో ఒక పక్కన పెట్టాం. మొత్తం పెట్టెంతా వేడెక్కకూడదు. వేడి ఎక్కువైతే పిల్ల పక్కకు జరగడానికి చోటుండాలి. గంట పోయాక రెండూ కదిలాయి. పెట్టెను అలాగే మిగిలి ఉన్న చెట్టు మొండానికి, కుక్కలకూ పిల్లులకూ అందని ఎత్తులో తాడుతో కట్టి, మేమంతా ఇంట్లోకి పోయి కిటికీలు మూసుకున్నాం. ఇక్కడే చాలామంది పొరబడతారు. పదిమంది చుట్టూ మూగి "తల్లి రాలేదే" అనుకుంటారు. మనం నిలబడి ఉంటే అది ఎలా వస్తుంది? ఆ సాయంత్రం లోపల తల్లి వచ్చి ఒక పిల్లను తీసుకుపోయింది. రెండోదాని కోసం వచ్చేసరికి అది పోయింది. తుఫాను దెబ్బ ముందే తగిలి ఉంటుందన్నారు పెద్దాయన.

ఇంకో సంగతి. ఉడుత పగటి జీవి, చీకటి పడితే రాదు. పొద్దుగూకేదాకా రాకపోతే పిల్లను లోపలికి తెచ్చి వెచ్చగా ఉంచి, తెల్లవారగానే మళ్ళీ అక్కడే పెట్టాలి. అదే పునుగు పిల్లి పిల్లలైతే లెక్క తిరగబడుతుంది. చెన్నైలో, బెంగుళూరులో పాత పెంకుటిళ్ళ అటకల మీద పునుగు పిల్లులు పిల్లలు పెట్టడం మామూలే. వాటి తల్లి వచ్చేది రాత్రి. పగలంతా పిల్లలు ఒంటరిగా కనిపించాయని అనాథలనుకోకూడదు.

పిట్టల విషయంలో మొదట చూడవలసింది ఒంటిమీద ఈకలున్నాయా లేదా అన్నదే. ఈకలు వచ్చి, తోక పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతున్న పిల్ల కింద పడిపోయింది కాదు, ఎగరడం నేర్చుకుంటున్నది. దాన్ని దగ్గర్లోని పొద మీద పెట్టి, మీ పిల్లినో కుక్కనో కట్టేసుకుంటే చాలు. కాకి పిల్ల అయితే ఆ పాటి సాయం చేసేటప్పుడు కూడా నెత్తిన తువ్వాలు కప్పుకోండి. తల్లీ తండ్రీ కలిసి మీ మాడు పగలగొడతాయి! ఈకలు రాని పిల్లయితే గూట్లో పెట్టేయాలి. గూడు చెదిరిపోతే చిన్న వెదురు బుట్టలో ఎండుగడ్డి పరిచి అదే కొమ్మకు కట్టవచ్చు. బుట్టకు అడుగున కన్నాలుండాలి, లేకపోతే వాన నీళ్ళు నిలుస్తాయి. పాలలో నానిన రొట్టె, ముక్కులో నీళ్ళ చుక్కలు అసలే వద్దు. పిట్ట పిల్లకు నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. మనం దాహం తీరుస్తున్నామనుకుని పోసిన నీరు తిన్నగా అందులోకే పోతుంది.

గడ్డిలో పడుకున్న జింక పిల్ల

మా గంజాం జిల్లాలో భేట్నాయి, బాలిపదర్ చుట్టుపక్కల పొలాల్లో కృష్ణ జింకలు మందలు మందలుగా తిరుగుతాయి. అవి మేసిన పొలం పండుతుందని అక్కడి రైతుల నమ్మకం. పంట తిన్నా కొట్టరు. ఈ జింక ఈనిన తర్వాత మొదటి రోజుల్లో పిల్లను వెంట తిప్పుకోదు. గడ్డిలో పడుకోబెట్టి దూరంగా వెళ్ళి మేస్తుంది, పాలివ్వడానికి మాత్రం వస్తుంది. పిల్ల కూడా కిక్కురుమనకుండా మెడ నేలకానించి పడుకుంటుంది. తల్లి పక్కనే ఉంటే నక్కకూ కుక్కకూ ఆచూకీ తెలిసిపోతుంది కదా, అందుకని. దారిన పోయే దయగల మనిషి దాన్ని చూసి, "అయ్యో, తల్లి వదిలేసింది" అని మోటారు సైకిలు మీద ఇంటికి తెస్తాడు. తల్లి తిరిగి వచ్చి ఖాళీ గడ్డి వాసన చూసుకుంటుంది. అలాంటి పిల్ల మీ కంట పడితే మీరు చేయవలసిన గొప్ప సాయం, చప్పుడు కాకుండా మీ దారిన మీరు పోవడం. గాయం ఉంటేనో, వీధికుక్కలు చుట్టుముడితేనో అప్పుడు అటవీశాఖకు కబురు చెయ్యాలి.

మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళకు జింక కంటె చిరుత బెడద ఎక్కువ. పుణే జిల్లా జున్నర్ ప్రాంతంలో చిరుతలు చెరుకు తోటల్లోనే పిల్లలు పెడతాయి. ఏపుగా పెరిగిన చెరుకు వాటికి అడవితో సమానం. గానుగ సీజనులో కోత మొదలైతే కత్తి కింద పిల్లలు బయటపడతాయి. కర్ణాటకలో మండ్య వైపూ ఇదే కథ. పిల్లి పిల్లల్లా ముద్దుగా ఉంటాయి, ఫోటోల కోసం చేతికెత్తుకుంటారు. తల్లి ఆ తోటలోనే, కొద్ది దూరంలో ఉంటుందని మాత్రం గుర్తుండదు. చేయవలసింది ఆ మడిలో కోత ఆపి, అందరూ వెనక్కి తగ్గి, అటవీశాఖకు చెప్పడం. మహారాష్ట్రలో 1926 నంబరుకు ఫోను చేయవచ్చు. అక్కడి సిబ్బంది, వన్యప్రాణి డాక్టర్లు పిల్లలను పరీక్షించి, దొరికిన చోటనే పెట్టెలో ఉంచి, కెమెరా అమర్చి చీకటి పడ్డాక దూరం జరుగుతారు. రాత్రి తల్లి వచ్చి ఒక్కొక్కదాన్నే మెడ పట్టుకుని తీసుకుపోతుంది. ఇలా ఎన్నో పిల్లలు తల్లిని చేరాయి. పిల్లల్ని పట్టుకుపోతే ఆ తల్లి వాటిని వెతుక్కుంటూ ఊరి చుట్టూ తిరుగుతుంది, ఆ రాత్రులు మనుషులకే ప్రమాదం.

చెరుకు తోటల్లో దొరికేవన్నీ చిరుతలు కావు. ఒంటి మీద స్పష్టమైన మచ్చలు లేకుండా, చెవుల కొసన చిన్న కుచ్చుతో ఉంటే అవి జంగుపిల్లి పిల్లలు. యానాం వాళ్ళకు మడ అడవుల అంచున, రొయ్యల చెరువు గట్ల మీద బావురు పిల్లి పిల్లలు కనపడవచ్చు. ఏదైనా పద్ధతి ఒకటే: ముట్టుకోవద్దు, దూరం జరగండి, కబురు చెయ్యండి.

కొన్నింటి జోలికి అసలే పోవద్దు. కోతి పిల్లను ఎత్తుకుంటే మంద మీద పడుతుంది. గబ్బిలం పిల్లను ఉత్త చేత్తో తాకకూడదు. కోతి గాని, ముంగిస గాని, నక్క గాని కరిచినా గీరినా పుండును సబ్బూ ధార నీళ్ళతో పావుగంట కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి కుక్కకాటుకు వేసే టీకా వేయించుకోవాలి. పసుపు, కారం అద్ది కూర్చోవద్దు. ఇక తొలకరిలో పెరట్లో కనిపించే పాము పిల్లలు. వాటిని తల్లి పెంచదు, వెతుక్కుంటూ రాదు, కాబట్టి దయ చూపించే పనే లేదు. నాగుపాము పిల్లకు గుడ్డులోంచి బయటపడ్డ నాడే విషం ఉంటుంది. రక్తపింజర గుడ్లు పెట్టదు, ఒక్క కాన్పులో ఇరవై ముప్ఫై పిల్లల్ని కంటుంది. ఒకటి కనపడితే చెప్పులు, పూలకుండీలు, కట్టెల మోపు అన్నీ కర్రతో కదిపి చూసుకోండి.

సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకు తాబేటి పిల్లల సంగతి వేరు. మా దగ్గర ఋషికుల్య నది కడలిలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలల్లో వచ్చి గుడ్లు పెడతాయి. కొన్ని ఏళ్ళు రావు కూడా. 1994లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చిందిగాని, అక్కడి పోడంపేట, గోఖర్‌కుద ఊళ్ళలోని మన తెలుగు జాలరులకు అంతకు ముందునుంచీ తెలిసిందే. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటికొచ్చి వెలుతురు కనిపించిన వైపు పాకుతాయి. పూర్వం ఆ వెలుతురు సముద్రానిదే. ఇప్పుడు వీధి దీపాలు, హోటలు దీపాలు వాటిని ఊరివైపు లాగుతున్నాయి. చెన్నైలో 1988 నుంచీ విద్యార్థుల బృందమొకటి రాత్రిళ్ళు తీరం వెంబడి నడిచి గుడ్లను కాపాడుతోంది. మీ ఇల్లు తీరానికి దగ్గరైతే ఆ నెలల్లో దీపాలు ఆర్పండి. దారి తప్పిన పిల్లను బకెట్టులో నీళ్ళు పోసి ఇంట్లో ఉంచొద్దు, చెరువులో వదలొద్దు. తడి ఇసుక దగ్గర పెడితే అదే నడిచి పోతుంది.

"మేం బాగానే పెంచుకుంటాం, మీకేం?" అని అడిగేవారుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. పంజరంలో రామచిలుకా, తొట్టిలో నక్షత్ర తాబేలూ నేరమే. చట్ట రక్షణ ఉన్న జంతువు ఏ రకంగా చేతికి వచ్చినా 48 గంటల్లో దగ్గర్లోని పోలీసు స్టేషనులోనో, అటవీ అధికారికో తెలియజేయాలి. గాయపడ్డదాన్ని ఆసుపత్రికి తీసుకువెళ్ళినంత మాత్రాన ఎవరూ పట్టుకోరు లెండి, భయపడకండి.

ఎదురింటి పిల్ల సంగతి చెప్పలేదు కదూ. వెచ్చబెట్టి, పెట్టెను వేపచెట్టు పంగలో కట్టించాం. సాయంత్రం దాకా తల్లి జాడ లేదు. పశువుల డాక్టరుగారికి ఫోను చేస్తే రాత్రికి ఓ.ఆర్.ఎస్. నీళ్ళు గోరువెచ్చగా చేసి, పిల్లను బోర్లా పట్టుకుని, దూదితో పెదవి తడపమన్నారు. రాత్రి రెండుసార్లు లేచి సీసాలో వేణ్ణీళ్ళు మార్చాను. ఆ పిల్ల కూడా నిద్రపోలేదని వాళ్ళమ్మ చెప్పింది. పొద్దున్న ఆరింటికి పెట్టె మళ్ళీ చెట్టెక్కింది. మేమిద్దరం వంటింటి కిటికీ సందులోంచి చూస్తున్నాం. ఎనిమిది కావస్తుండగా పక్కింటి గోడ మీదినుంచి ఒక ఉడుత వచ్చింది. పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి దూరి, పిల్లను నోట కరుచుకుని కొమ్మల్లోంచి పక్కింటి బాదం చెట్టుమీదికి పోయింది.

"మామ్మగారూ, పెట్టె తీసెయ్యమంటారా?" అంది పిల్ల. ఇంకోటి కూడా కింద పడిందేమో చూసి రమ్మన్నాను.