ముళ్లు కుదిరినంత మాత్రాన

మన ఆంబూరు ఇళ్లలో ఒక మాట తరచు చిక్కు తెస్తుంది. "అవసరం" అంటే మనకు కావలసినది. ఇరుగుపొరుగు తమిళులకు అదే మాట తొందర. పిండి రుబ్బి తేనా అని పొరుగమ్మ అడిగితే, కొత్తగా వచ్చిన కోడలు "అవసరం ఇల్లె" అంటుంది. తొందర లేదు కాబోలు అనుకొని, ఆవిడ సాయంకాలానికి గిన్నెనిండా పిండి తెచ్చి ఇస్తుంది! పలుకు ఒకటే, అర్థం వేరు.

యంత్రాలలోనూ ఈ తంటా ఉన్నదని మాకు ఈ వేసవి సెలవులలో తెలిసివచ్చింది.

మా మేనమామగారు 1988లో మద్రాసు నుంచి ఒక కంప్యూటరు తెచ్చారు. దాని పేరు డీబీ స్పెక్ట్రం ప్లస్. ఇంగ్లండులో సింక్లెయిర్ వారు 1982లో వెలువరించిన స్పెక్ట్రం వంశానికి చెందినది. మన దేశంలో డెసిబెల్స్ అనే సంస్థ లైసెన్సు మీద 1986 నుంచి అమ్మింది. టీవీకి తగిలిస్తే బొమ్మ వచ్చేది, పాటల టేపు రికార్డరుతో ఆటలు ఎక్కేవి. మామ పోయి ఆరేళ్లయింది. ఆయన గుర్తుగా మాకు మిగిలినది ఆ పెట్టె ఒక్కటే.

మా చిన్నవాడు దానిని అటక మీద నుంచి దించాడు. పాత జాయ్‌స్టిక్ విరిగి ఉన్నది. పాత సామాన్ల అంగడిలో రెండు మీటలున్నది ఒకటి దొరికింది. ప్లగ్గు చక్కగా కుదిరింది. నాలుగు దిక్కులూ తిరిగినవి, మొదటి మీట పేలింది. వాడి ఆనందం చెప్పనలవి కాదు. అంతలో రెండవ మీట నొక్కాడు. బొమ్మ మాయమైంది! "నాయనా!" అని వాడు వేసిన కేకకు మా గుండె ఆగినంత పని అయింది. కరెంటు తీసివేశాము.

రేడియోలు బాగుచేసే అంగడి ఆయన మీటరు పెట్టి చూచి కారణం చెప్పాడు. 1977లో అమెరికాలో అటారీ వారి ఆటపెట్టెతో తొమ్మిది ముళ్ల ప్లగ్గు వాడుకలోకి వచ్చింది. 1 నుంచి 4 వరకు పైకి, క్రిందికి, ఎడమ, కుడి, 6వది కాల్చే మీట, 8వది గ్రౌండు. కర్రను వంచితే ఆయా తీగ గ్రౌండుకు తగులుతుంది, యంత్రం గ్రహిస్తుంది. 7వ ముల్లు మీద మాత్రం యంత్రమే 5 వోల్టులు ఇస్తుంది. స్పెక్ట్రానికి సొంత ప్లగ్గు లేదు. వెనుక తగిలించే కెంప్‌స్టన్ పెట్టెకు ఉన్నది ఈ పద్ధతే.

1983లో జపానులో పుట్టిన ఎంఎస్ఎక్స్ కంప్యూటర్లకూ ప్లగ్గు అదే, దిక్కులూ అవే, మొదటి మీటా 6వదే. కాని వారు రెండవ మీటను 7వ ముల్లుకు పెట్టుకొన్నారు. మావాడు తెచ్చినది ఆ జాతిది. నొక్కగానే 5 వోల్టులు సూటిగా గ్రౌండుకు తగిలినవి. అన్నీ సరిగా పని చేస్తున్నట్టే ఉండి ఒక్క మీటలో ఆపద పొంచి ఉన్నదన్నమాట.

ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క తీరు. కమొడోర్ వారి అమీగాలో రెండవ మీట 9వ ముల్లును గ్రౌండుకు కలుపుతుంది; అదే కంపెనీ కమొడోర్ 64లో ఆ 9వ ముల్లునే 5 వోల్టులకు కలపాలి. 1986 నాటి స్పెక్ట్రం ప్లస్ టూలో ప్లగ్గు రూపం అదే గాని తీగల వరుసే మార్చివేశారు. మన బడులకు 1984లో ప్రభుత్వం మొదలుపెట్టిన 'క్లాస్' పథకంలో వచ్చిన బీబీసీ మైక్రోకు 15 రంధ్రాలు. అందులో ఈ ప్లగ్గు దూరనే దూరదు గనుక దానితో భయం లేదు. భయమంతా కుదిరేచోటనే!

మా అదృష్టం, లోపలి రెగ్యులేటరు హద్దు మీరిన కరెంటును ఆపింది, పెట్టె బ్రతికింది. అంగడి ఆయన రెండవ మీట తీగ తుంచి టేపు చుట్టి ఇచ్చాడు. నష్టమేమీ లేదు. ఆ కాలపు ఆటలు చాలావరకు ఒక్క మీటకు వ్రాసినవే. దూకాలంటే కర్రను పైకి త్రోయడమే. ఇంకొక పని కావలసివస్తే కీబోర్డు ఉండనే ఉన్నది.

కనుక అటకల మీద ఇటువంటి పెట్టెలున్నవారికి మా మనవి: ప్లగ్గు కుదిరిందని సంతోషించక, ముందు మీటరుతో ఒక్కొక్క మీట ఏ రంధ్రాన్ని దేనితో కలుపుతుందో చూడండి. 7వ దానిని తాకేది ఉంటే పెట్టవద్దు. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ కరెంటు ఆపండి.

మామ ఆ పెట్టె మూత మీద సిరాతో "జాగ్రత్త" అని వ్రాసి ఉంచారు. ఇప్పుడు దాని క్రింద మావాడు "రెండవ మీట వద్దు" అని చేర్చాడు.