వేసవిలో వ్యాయామము

ఖమ్మము, భద్రాచలము అడవుల సరిహద్దుననున్న టేకులపల్లి ప్రాంతమున తునికాకు కోయువారు తెల్లవారకముందే అడవికి పోయి, ఎండ ముదరకమునుపే కట్టలతో మరలుదురు. పరుగు, కసరత్తు చేయు యువకులు కూడ ఈ వేళనే పాటింపవలెను. కారణమేమి?

కండరములు వ్యయపరచు శక్తిలో సుమారు నాల్గవ వంతు మాత్రమే పనిగా మారును, తక్కినదంతయు వేడియగును. చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. మే నెలలో గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు, ఆ గాలియే శరీరమునకు వేడినిచ్చును. ఇక మిగిలిన మార్గము చెమట ఆరుట యొక్కటే. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడి తొలగును. కాని కారి నేలపాలైన చెమట వలన చల్లదనము కలుగదు. కనుక గాలిలో తేమ హెచ్చుగా ఉన్న దినమున శ్రమ తగ్గింపవలెను.

ఇందుకు ఖర్చుతో పనిలేదు. వదులైన నూలు బట్టలు ధరించి, చెట్లనీడ గల బాటను ఎన్నుకొనవలెను. మొదటి దినము పావుగంటతో ప్రారంభించి, రెండు వారములలో క్రమముగా పెంచవలెను. ఈలోగా శరీరము త్వరగా చెమటపోయుట కలవాటుపడును. చెమటతో పోవు ఉప్పు తగ్గును. నడుమ నడుమ నీరు, పిమ్మట ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ త్రాగవలెను.

తల తిరిగినను, వాంతి వచ్చినను వెంటనే ఆపి నీడకు చేరవలెను. మాట తడబడినను, స్పృహ తప్పినను అది వడదెబ్బయని గ్రహింపవలెను. 108కు ఫోను చేయించి, ఒంటినిండ నీరు పోసి విసరవలెను. స్పృహలేనివారి నోట నీరు పోయరాదు. 2015 వేసవిలో ఉభయ తెలుగు రాష్ట్రములలో వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైరి. తెల్లవారుజామున లేచుటకు పైకమక్కరలేదు.